కాలిబర్ తేలేదాకా ఎల్క్ క్షేమమే

తుపాకీ కాలిబర్ గురించి వాదించుకునే మగవాళ్ళ వల్ల అరిజోనా అడవులకు జరుగుతున్న మేలు ఇంతా అంతా కాదు. ఈ మాట ఎవరూ పైకి అనరు. అందుకే నేను అంటున్నాను.

మా చాండ్లర్‌లో ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. దాని పేరు ‘లాంగ్ రేంజ్ తెలుగు హంటర్స్’. అందరూ చదువుకున్నవాళ్ళే, చాలామంది చిప్‌ల ఫ్యాక్టరీల్లో పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళే. ఇన్నేళ్ళలో వీళ్ళ చేతిలో ఒక్క జింక చచ్చిందా? లేదు! ఒక్క కుందేలు చెవికైనా గీత పడిందా? లేదు! ఇంతకంటే అహింసామూర్తులు మీకెక్కడ దొరుకుతారు? జంతువుల సంఘాలవాళ్ళు వీళ్ళని స్టేజీ మీదికి పిలిచి శాలువాలు కప్పాలి.

దీనికంతటికీ కారణం ఒక్కటే. వేటకు వెళ్ళాలంటే రైఫిల్ కావాలి. రైఫిల్ కొనాలంటే కాలిబర్ తేలాలి. అది తేలడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, కాలిబర్ అంటే తూటా లావు. అంతే! సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మోర్ అని సన్నపాటి తూటా ఒకటుంది. గాలిని చీల్చుకుని సూటిగా పోతుంది, కాల్చేవాళ్ళ భుజానికి పెద్దగా దెబ్బ తగలదు అని దాన్ని మోసే వర్గం ఒకటి. త్రీ హండ్రెడ్ విన్‌మ్యాగ్ అని లావుపాటిది ఇంకొకటుంది. అది తగిలాక జంతువు లేచే ప్రశ్నే లేదని ఇంకో వర్గం. సెవెన్ ఎమ్మెం వాళ్ళు మధ్యలో రాజీ కుదురుద్దామని వచ్చి ఇద్దరి చేతా తిట్లు తింటుంటారు. బాప్తిస్మం నీళ్ళు చల్లి ఇవ్వాలా, ముంచి ఇవ్వాలా అన్న విషయంలో కూడా మా తెలుగు చర్చిలో ఇంత గొడవ జరగలేదు.

కాలిబర్‌తో అయిపోతుందా? ఏ తూటా వాడాలి? రాగిదా, సీసందా? ముక్కు మెత్తగా ఉండాలా, సూదిగా ఉండాలా? ఎంత బరువు? ఒక్కో ప్రశ్నకు ఒక్కో శనివారం పోతుంది. శనివారం పోతే పోనీండి, జంతువు బతికింది కదా!

ఇందులో ఇంటికి వచ్చే లాభాలు వేరే ఉన్నాయి. మా ఆయన సుందర్ రాజ్ పదేళ్ళుగా ఏసీ ఫిల్టర్ ఎక్కడుంటుందో తెలుసుకోలేదు. అలాంటి మనిషి ఇప్పుడు రోజూ పెరట్లోకి వెళ్ళి, చేతిలో పట్టే గాలిమీటర్ పైకెత్తి, గాలి ఎటు నుంచి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో ఇంటిల్లిపాదికీ ప్రకటిస్తారు. నేను ఆ సమాచారంతోనే వడియాలు పెట్టుకుంటాను. ఏ సైన్సయినా చివరికి మనిషికి పనికి రావాలి కదా.

గ్రూప్ అడ్మిన్ జూడ్ మా ఆయనతో పాటే పనిచేస్తాడు. వెయ్యి గజాల్లో తూటా ఎంత కిందికి జారుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అడవిలో మాత్రం ఎప్పుడూ కాలు పెట్టలేదు. ఇక పక్క వీధిలో ఉండే ఆదిశేషు గారు రిటైరైన గుండె డాక్టరు, పక్కా శాకాహారి. కేకులో గుడ్డు ఉందేమోనని పుట్టినరోజు పార్టీల్లో ఆరా తీసే మనిషి. అలాంటాయన మా ఇంట్లో గుత్తివంకాయ కలుపుకు తింటూ, రాగి తూటా ఎముక తగలగానే పువ్వులా ఎలా విచ్చుకుంటుందో వేలు తిప్పి చూపించారు. ఇన్ని రకాలవాళ్ళను కలిపి కూర్చోబెట్టిన కాలిబర్‌కి మనం రుణపడి ఉండాలా, వద్దా?

వీళ్ళందరూ గొడవ లేకుండా ఒప్పుకున్న విషయం ఒక్కటే. కొడితే ఎనిమిది వందల గజాల నుంచి కొట్టాలి. ఎందుకంత దూరం నుంచి అని నేనొకసారి అడిగాను. టెక్నాలజీ ఉంది కాబట్టి అన్నారు. నాకు అర్థమైనదేమిటంటే, దూరం ఎంత పెరిగితే నడక అంత తగ్గుతుంది. పొట్టలున్న జాతికి ఇంతకంటే వరమేముంది?

ఇలా హాయిగా సాగిపోతున్న మా జీవితాల్లోకి టాగ్ వచ్చి పడింది.

ఈ రాష్ట్రంలో ఎల్క్‌ని వేటాడాలంటే టాగ్ ఉండాలి. ఎల్క్ అంటే గుర్రమంత జింక. టాగ్ అంటే ఒక్క జంతువుకి సర్కారిచ్చే అనుమతి. అది లాటరీలో వస్తుంది. లాటరీ అన్న మాట చెవిన పడితే మనవాళ్ళ ఒంట్లో హెచ్‌వన్‌బీ రక్తం ఉరకలేస్తుంది. ఇంట్లో ఎన్ని తలలుంటే అన్ని పేర్లూ వేసేయాలి! మా ఆయన ఏటా తన పేరుతో పాటు నా పేరూ వేసేవారు. నా చేత హంటర్ సేఫ్టీ క్లాసు కూడా చేయించారు, ఎందుకైనా మంచిదని. ఏళ్ళ తరబడి ఇద్దరికీ రాలేదు. పోయిన ఏడాది నాకొచ్చింది.

ఆయన ఎగిరి గంతేశారు. జూడ్‌కి ఫోన్ చేసి “మనకొచ్చింది బ్రదర్!” అన్నారు. అక్కడే తప్పులో కాలేశారు. వీసా ఒకరికొస్తే రెండోవాళ్ళు డిపెండెంట్‌గా వెళ్ళినట్టు, టాగ్ నాకొస్తే తను వెళ్ళి కాల్చొచ్చని ఆయన లెక్క. ఎందుకైనా మంచిదని టాగ్‌లిచ్చే ఆఫీసుకు ఫోన్ చేశారు. పేరు ఎవరిదైతే వాళ్ళే కాల్చాలన్నారు. డిపెండెంట్ టాగ్ లాంటిది ఏమైనా ఉందా అని ఈయన వినయంగా అడిగారు. అవతలివాళ్ళు ప్రశ్న అర్థం కాక మళ్ళీ చెప్పమన్నారట. వారం పాటు మా ఇల్లు దిగాలుగా ఉంది.

నాకు మాత్రం లోపల గంతులేయాలనిపించింది. ఎందుకంటారా? నేను ఈ దేశానికి డిపెండెంట్‌గా వచ్చాను. వీసా ఆయన పేరు మీద, ఇల్లు ఆయన పేరు మీద, కరెంటు బిల్లు ఆయన పేరు మీద. హాస్పిటల్‌లో ఊపిరాడని వాళ్ళకు ఊపిరి పోసే ఉద్యోగం చేస్తున్నాను, అయినా చర్చిలో సుందర్ రాజ్ గారి మిసెస్‌నే. అలాంటిది, ఈ అమెరికాలో అచ్చంగా ‘ప్రేమజ్యోతి’ అన్న పేరు మీదే, ఇంకెవరికీ ఇవ్వడానికి వీల్లేకుండా, ఒకటొచ్చింది! ఆ ఎల్క్‌ని నా చేత్తో తేవాలని, అది నాదేనని అందరూ అనాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

గ్రూప్‌లో చర్చ మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి విషయం ‘సిస్టర్ భుజం’. సిస్టర్ భుజం విన్‌మ్యాగ్ దెబ్బకు తట్టుకుంటుందా? క్రీడ్‌మోర్ అయితే ఎల్క్‌కి చాలుతుందా? నా భుజం మీద జూమ్ మీటింగ్ పెట్టారు. ఆ భుజం సొంతదారుని మాత్రం పిలవలేదు. ఇదీ మేలే, ఆ శనివారం నాకు ఖాళీ దొరికింది.

మా ఆయన మొదట్లో కొని, తాతల కాలందని మిగతావాళ్ళు తీసిపారేశాక సేఫ్‌లో పడేసిన త్రీ నాట్ ఎయిట్ రైఫిల్ ఒకటుంది. దాన్ని కారులో పెట్టుకుని షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాను. తోడు ఎవరనుకుంటున్నారు? ఆదిశేషు గారి భార్య లీలక్క! ఆవిడా శాకాహారే. కానీ పిట్టల్ని చూసే పిచ్చి, మెడలో బైనాక్యులర్స్, తెల్లారి లేస్తే నడకే నడక. నాలుగు రకాల తూటాల డబ్బాలు కొన్నాను. ఏ రకం చిల్లులన్నీ ఒకేచోట పొడిచిందో అదే ఖాయం చేసుకున్నాను. పెళ్ళిచూపులు అయిపోయాయి! రెండు వందల గజాలు దాటితే నా చెయ్యి నమ్మకంగా లేదు. అంతకంటే దూరంగా ఉంటే దగ్గరికి నడవాలి, లేదా వదిలేయాలి. జంతువుని గాయపరిచి పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

అక్టోబర్ చివర్లో పేసన్ ఊరి పైనున్న పైన్ అడవులకి వెళ్ళాం. సాయానికి లీలక్క, మా ఆయన, జూడ్ వచ్చారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆదిశేషు గారు ఫోన్‌లో అందుబాటులో ఉంటానన్నారు. అడవిలో సిగ్నల్ లేదు కాబట్టి ఆయన సలహాలు కోల్పోయాం.

తెల్లారేసరికి మగవాళ్ళిద్దరూ గుట్ట మీద ట్రైపాడ్ పాతి, మడత కుర్చీలు వేసి, దూరం కొలిచే యంత్రం, గాలిమీటర్, ఫ్లాస్కులో టీ అన్నీ సర్దుకున్నారు. తూటా ఎంత జారుతుందో చెప్పే యాప్ మాత్రం సిగ్నల్ లేక తెరుచుకోలేదు. అప్పుడే లోయకి అవతలి వైపు ఎల్క్‌ల మంద కనబడింది. ఎనిమిది వందల ఇరవై గజాలని యంత్రం చెప్పింది. మా ఆయన ఇక్కడి నుంచే కొట్టేయొచ్చన్నారు. జూడ్ గాలి అడ్డంగా ఉందన్నాడు. ఈ తూటా తేకుండా ఉండాల్సిందని ఒకరు, నేను ముందే చెప్పానని ఇంకొకరు. గుసగుసలతోనే పెద్ద గొడవ!

నేను లీలక్క వైపు చూశాను. ఆవిడ కాలిబాట వైపు చూసింది. రైఫిల్ తీసుకుని ఇద్దరం లేచి వెళ్ళిపోయాం. వాళ్ళు గమనించలేదు.

మా వాసన మందకి అందకుండా, గాలి మా ముఖానికి కొట్టేలా చుట్టు తిరిగి, లోయ దిగి, మళ్ళీ ఎక్కాం. చివర్లో మోచేతుల మీద పాకాను. ఎనభై గజాల్లో ఒక ఆడ ఎల్క్ పక్కకు తిరిగి నిలబడి గడ్డి మేస్తోంది. నా టాగ్ కూడా ఆడదానికే. ఊపిరి సగం వదిలి, ఆపి, కాల్చాను. అది నాలుగడుగులు వేసి ఒరిగిపోయింది. ఎందుకో తెలియదు, భోరుమని ఏడ్చేశాను. ఆ ప్రాణం కోసం స్తోత్రం చెప్పుకున్నాను. లీలక్క బూట్లు విడిచి, దాని మెడ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని తనకు తెలిసిన మంత్రం తను చదువుకుంది.

మగవాళ్ళు దిగి వచ్చేసరికి మాంసం విడదీయడం దాదాపు అయిపోయింది. జూడ్ తూటా కోసం వెతికాడు. అవతలి వైపు చర్మం కింద దొరకగానే కడిగి, గోరు పక్కన పెట్టి ఫొటో తీసి, జేబులో దాచుకున్నాడు. మోసుకెళ్ళే వేళకి మా ఆయన నడుం పట్టేసింది. ట్రైపాడ్, కుర్చీలు, ఫ్లాస్కు ఎవరో ఒకరు మోయాలి కదా అని జూడ్ ఆ బాధ్యత తీసుకున్నాడు.

లీలక్క వంగి, వీపు నా వైపు తిప్పింది.

“తినకపోతేనేం జ్యోతీ, మోయడానికేం? ఆ తొడ నా బ్యాగ్‌కి కట్టు.”

థ్యాంక్స్‌గివింగ్‌కి చర్చిలో ప్రేమవిందు. ఎల్క్ గోంగూర నేనే వండాను. జనం మూడోసారి కూడా వడ్డించుకున్నారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తూ, సహోదరుడు సుందర్ రాజ్‌కి అనుగ్రహించిన వేటను బట్టి దేవునికి వందనాలు చెల్లించారు. మా ఆయన కళ్ళు మూసుకుని ఆమేన్ అన్నారు. తర్వాత జూడ్ సాక్ష్యం చెప్పడానికి లేచి, ఆ తూటాని పేపర్ ప్లేటులో పెట్టి టేబుళ్ళ మీదుగా పంపాడు. ఎనిమిది వందల ఇరవై గజాలన్న అంకె కూడా ఎలాగో కథలోకి వచ్చేసింది.

“చూడండి బ్రదర్స్, ఎంత బాగా ఓపెన్ అయిందో! క్రెడిట్ మొత్తం ఈ బుల్లెట్‌దే!”

హాలంతా చప్పట్లు. తూటాకి! ఒళ్ళు మండిపోయింది నాకు. నడిచిన కాళ్ళు నావి, పాకిన మోచేతులు నావి, టాగ్ మీద పేరు నాది. అంత దగ్గరికి ఎలా వెళ్ళావమ్మా అని అడిగినవాళ్ళు ఆ హాలులో ఒక్కరు లేరు. ఒక ఆంటీ మాత్రం ప్రత్యేకంగా నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. హమ్మయ్య, ఒక్కరైనా అనుకున్నాను. గోంగూర ఏ షాపులో దొరికిందని అడిగింది.

అయినా నా మాట మీద నేను నిలబడతాను. కాలిబర్ చర్చ లోకానికి మేలే చేస్తుంది. సోదరులారా, మీరు ఆపకండి. మీరు కుర్చీల్లో ఉన్నంతకాలం కాలిబాటలు ఖాళీగా ఉంటాయి, మాకు నడవడానికి వీలుగా ఉంటుంది.

మొన్న మళ్ళీ లాటరీ తెరిచారు. పేర్లు వేయడం మరిచిపోవద్దని మా ఆయన గుర్తుచేశారు. వేసేశానన్నాను. రెండు పేర్లు, నాదీ, లీలక్కదీ. మాంసం తినని మనిషికి టాగ్ ఎందుకని ఆయన అడగలేదు. ఆయన బాధ వేరు.

“మరి నా పేరో?”

“ముందు కాలిబర్ తేలనివ్వండి. వేద్దాం.”

ఆయన అది సబబేనన్నట్టు తలూపి, జూడ్‌కి ఫోన్ కలిపారు.