ఎడమ తలుపు పట్టీ కేసు

బియ్యం డ్రమ్ము మూత ఇచ్చేయమని ప్రమీల, కేసు తేలేదాకా ఇవ్వనని ఆమె భర్త ఐజాక్. పొద్దున్న కాఫీ దగ్గర మొదలైన గొడవ ఇడ్లీలు దాటి, చర్చికి వెళ్ళొచ్చి, ఇప్పుడు బిర్యానీ పొయ్యి దాకా వచ్చింది.

“సాక్ష్యాలని నేల మీద పారేసే డిటెక్టివ్‌ని ఎక్కడైనా చూశావా?” అన్నాడు ఐజాక్, మూతని పళ్ళెంలా పట్టుకుని. “నేరస్థుడు ఎంత హుషారైనా ఒక్క పొరపాటు చేస్తాడు ప్రమీలా. దాన్ని పట్టడానికే ఈ బుర్ర పుట్టింది.”

“ఆ బుర్రకి బియ్యంలో పురుగు పడుతుందని తెలీదా? అసలే వదులు మూత.”

ఆ మూత పుట్టుకే వదులు. ప్రమీలకి నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్ళమ్మ ముచ్చటపడి కొన్న డ్రమ్ము అది. పేరు కూడా కొట్టించానని, దుకాణంవాడు పేరు లేని డ్రమ్ము అంటగట్టాడని అమ్మ పోయేదాకా తిడుతూనే ఉంది. నాన్న స్టీఫెన్ పక్కనే కూర్చుని తలూపేవాడు.

రైల్వేలో గుమాస్తాగా రిటైరైన దగ్గర్నుంచీ ఐజాక్‌కి ఈ డిటెక్టివ్ పిచ్చి పట్టింది. పక్కింటివాళ్ళ చెప్పు పోతే, దాన్ని నోట కరుచుకుని ఎదురుగా నిలబడ్డ కుక్కని వదిలేసి పాస్టరుగారిని ప్రశ్నించిన ఘనుడు.

ఈసారి కేసు స్టీఫెన్ వదిలి వెళ్ళిన కారుది. రెండే సీట్లున్న పాత విలాయతీ స్పోర్ట్స్ కారు. రైల్వే వాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టరుగా చేస్తూ ఆయన ఆదివారాలన్నీ దాని కిందే పడుకుని గడిపాడు. పాత కార్లు పోగుచేసే ధనుంజయ్ భిలాయి నుంచి వచ్చి చూశాడు. బయటి మెరుపు సామాను అంతా కంపెనీదైతేనే తీసుకుంటానని, ఎడమ తలుపుకి అడ్డంగా బిగించిన మెరుపు పట్టీ మీద మాత్రం అనుమానంగా ఉందని చెప్పి వెళ్ళాడు.

ఐజాక్‌కి అంతకన్నా ఏం కావాలి? అసలు పట్టీ దొంగిలించి నకిలీది తగిలించారని తేల్చేశాడు. దొంగ ఎవరంటే, నిరుడు రంగు వేయించడానికి కారుని ఊరి చివర టాటీబంధ్ తీసుకెళ్ళిన శామ్సన్, ప్రమీల తమ్ముడు. మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడు కాబట్టి, అప్పుడే అందరి ముందూ ముసుగు తొలగిస్తానన్నాడు.

ప్రమీల గరిటె పక్కన పెట్టేసింది. పుట్టింటివైపు మిగిలింది ఆ ఒక్కడే. ఎవరో కూర మారు వడ్డించలేదని ఏడాది పాటు గడప తొక్కని మనిషి. దొంగ అన్నాక మళ్ళీ వస్తాడా?

శామ్సన్ వచ్చేసరికి ఐజాక్ షెడ్డులో గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన నేల మీద డ్రమ్ము మూత వెల్లకిలా పడి ఉంది. చేతిలో ఫ్రిజ్ మీంచి పీకిన మామిడిపండు అయస్కాంతం. కుడి తలుపు పట్టీకి పెట్టాడు, అంటుకుంది. ఎడమ తలుపుకి పెట్టాడు, అదీ అంటుకుంది.

“అది అంటుకునేది పట్టీకి కాదు డాడీ, వెనకాల రేకుకి,” అంది కూతురు కీర్తన.

“ఏం వెతుకుతున్నావు బావా?” అన్నాడు శామ్సన్ నవ్వుతూ.

“నీకు మాలూమ్ లేనట్టు అడుగుతున్నావే.”

శామ్సన్ నవ్వు ఆగిపోయింది. “నాకేం మాలూమో చెప్పు బావా,” అంటూ జేబులోంచి బండి తాళం తీశాడు. ప్రమీల గుమ్మం పట్టుకుంది.

ముసుగు తొలగించడానికి ఐజాక్ ఠీవిగా లేవబోయాడు. మోకాళ్ళు సహకరించలేదు. ఆసరాకి తలుపు పట్టీని పట్టుకుంటే అది కాస్తా ఊడి చేతికొచ్చింది, ఆయన చతికిలబడ్డాడు. పట్టీ మాత్రం స్ప్రింగులా గుండ్రంగా చుట్టుకుని ఠంగుమంటూ మూతలో పడింది. పడి, కొలిచి చేసినట్టు చుట్టూ సరిపోయింది.

పట్టీ లోపలివైపు చుక్కచుక్కలుగా ఏదో చెక్కి ఉంది. ఐజాక్ కళ్ళు మెరిశాయి.

“విలాయతీ ఫ్యాక్టరీ గుప్త సంకేతం! పట్టీ అసలుదే.”

ఐజాక్ పుట్టి పెరిగింది రాయ్‌పూర్‌లో, చదివింది హిందీలో. చర్చిలో తెలుగు పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని కంఠతా పాడేస్తాడు.

ప్రమీల వంగి చూసింది. ఒక్కో చుక్క మీదా వేలు పోనిచ్చింది.

“సంకేతం కాదండీ,” అంది చివరికి. “ప్రమీల అని ఉంది. అమ్మ కొట్టించిన పేరు.”

శామ్సన్ తాళం జేబులో వేసుకుని అక్క పక్కన గొంతుక్కూర్చున్నాడు. చర్చి గేటుకి రాసుకుని పట్టీ విరిగిందని, కొత్తది తెప్పించానని నాన్న చెప్పడం అతనికి గుర్తుంది. తెప్పించింది డ్రమ్ము అంచు చుట్టూ ఉన్న పట్టీ ఊడదీసి అన్నమాట, మూత వదులైందీ అందుకే. “అమ్మ దుకాణంవాణ్ణి తిడుతుంటే పక్కన కూర్చుని తలూపాడు చూడు,” అని నవ్వడం మొదలుపెట్టాడు. ప్రమీలకీ నవ్వు ఆగలేదు, కళ్ళనీళ్ళూ ఆగలేదు.

“నేరస్థుడు ఇంటివాడేనని ముందే చెప్పానా లేదా?” అన్నాడు నేల మీంచి ఐజాక్.

భోజనాల దగ్గర ప్రమీల తమ్ముడికి కూర మారు వడ్డించి, గిన్నె కింద పెట్టి, గొంతు పెంచకుండానే చెప్పింది.

“కారు అమ్మట్లేదు. ధనుంజయ్ గారికి నేనే ఫోన్ చేస్తాను. ఒరే శామ్సన్, ఆ పట్టీ మళ్ళీ తలుపుకే పెట్టించు, పేరు బయటికి కనబడేట్టు. వచ్చే ఆదివారం నువ్వూ నేనూ చర్చికి అందులోనే వెళ్తున్నాం.”

ఉన్నవి రెండే సీట్లని ఐజాక్‌కి అప్పుడు గుర్తొచ్చింది. “మరి నేను?”

“మీరు కీర్తన స్కూటీ మీద వెనకాలే రండి. దారిలో పట్టీ ఊడితే ఏరుకురావడానికి డిటెక్టివ్ ఉండాలి కదా.”