త్రిమూర్తులు గారి జేసీబీ స్టార్టింగు

ఉదయం ఎనిమిదింటికి జేసీబీ స్టార్ట్ చేసి, పదింటికల్లా పుదుచ్చేరి కదిర్కామంలోని ఆ వీధిలో మంచినీటి పైపుకి కాలువ తవ్వించేయాలన్నది జూనియర్ ఇంజనీరు త్రిమూర్తులు ఆలోచన. యానాం నుంచి బదిలీ మీద వచ్చి వారమే అయింది. ఇంజను స్టార్ట్ చేసేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ శ్రద్ధగా తెలుగులో రాసుకొచ్చాడు.

డ్రైవరు ఏలుమలై ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ చదవడం రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది సార్ ఇది? ఇరవై ఏండ్లుగా ఎక్కి కూసుంటా, తాళం తిప్పతా. బండి పోతాది."

"అలా కాదండీ. ముందు బండి చుట్టూ తిరిగి చూడాలి. జనాన్ని దూరం పంపాలి. తర్వాత సీటు బెల్టు, గేరు న్యూట్రల్లో, రెండు హారన్లు. అప్పుడే తాళం."

త్రిమూర్తులు కాగితం పట్టుకుని బండి చుట్టూ తిరిగాడు. ఇడ్లీ కొట్టు పట్టమ్మాళ్ ముందు ఆగి, "అమ్మా, బండి స్టార్ట్ చేస్తున్నాం. కాస్త దూరం జరగండి" అన్నాడు మర్యాదగా.

పట్టమ్మాళ్ జేసీబీని, ఆఫీసరు చేతిలోని కాగితాన్ని మార్చి మార్చి చూసింది. తన రేకుల పందిరి రోడ్డు మీదికి మూడడుగులు చొచ్చుకొచ్చిన సంగతి గుర్తొచ్చింది. వెంటనే ఇడ్లీ పాత్ర దించేసి, పక్క టీ కొట్టుకి కేకేసింది.

"వెట్రివేలూ! కొట్లు కూలగొట్టేదానికి వచ్చినారురా! రేకులు పీకు, సీక్రం!"

పది నిమిషాల్లో వీధంతా రేకుల చప్పుడు. రిటైర్డ్ గుమస్తా రంగరాజన్ ఇంటి మెట్లు కూడా రోడ్డు మీదే ఉన్నాయి. జేసీబీ కొడితే గోడ కూడా పోతుందని భయపడి, గడ్డపారతో తన మెట్లు తానే పగలగొట్టుకోవడం మొదలుపెట్టాడు.

త్రిమూర్తులు కళ్లు చెమర్చాయి. "చూశారా ఏలుమలై గారూ! ఒక్క మాట చెబితే కొట్లతో సహా జరుగుతున్నారు" అని సంబరపడి, "ఇంకాస్త దూరం!" అని మళ్లీ అరిచాడు. రంగరాజన్ గారి రెండో మెట్టు కూడా పోయింది.

ఏలుమలైకి అనుమానం తగిలింది. కానీ అప్పటికే బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. దిగితే సారు మళ్లీ మొదటి నుంచి చేయిస్తాడని, రెండు హారన్లు కొట్టి తాళం తిప్పాడు. బండి బుద్ధిగా స్టార్టయి, కొట్లకి ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం అంచున తవ్వడం మొదలుపెట్టింది.

నెత్తిన రేకుతో నిలబడ్డ పట్టమ్మాళ్ కాసేపు చూసి దగ్గరికొచ్చింది.

"ఏం సార్, మా కొట్టు కూలగొట్టలేదేంది?"

"నేనెందుకు కూలగొడతానమ్మా?"

"మరి దూరం జరగమంటిరే?"

"మీకు దెబ్బ తగులుతుందనండీ!"

 పట్టమ్మాళ్ రేకూ సుత్తీ అతని చేతుల్లో పెట్టి, "ఎక్కు సార్" అంది. ఏలుమలై వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. మధ్యలో నాలుగు ఇడ్లీలు తిని, ఇంజనీరు గారు సాయంత్రం దాకా రేకులు బిగించారు. చీకటి పడేలోపు రంగరాజన్ గుమ్మం ముందు ఇటుకలు కూడా పేర్చారు.

ఆ రోజు జేసీబీ వల్ల ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. నలిగింది త్రిమూర్తులు బొటనవేలొక్కటే, అదీ సుత్తి కింద.