గొంతుకి హాజరు

గాజువాక బస్సులో ఒంటికాలి మీద నిలబడటానికైనా చోటుండదు కాబట్టి, దాడి నిశాంత్ డిగ్రీ కాలేజీకి తన గొంతుని ఒక్కదాన్నే పంపేవాడు. అది ఎనిమిదింటికి మెట్లు దిగేది, నాలుగింటికి తిరిగొచ్చేది. బొంగురుపోయుంటే వాళ్లమ్మ ఉప్పునీళ్లు పుక్కిలింపించేది.

మొదటి రెండేళ్లూ ఏ ఇబ్బందీ లేదు. క్లాసులో నూట ఎనభై మంది, అందులో నూట నలభై ఉత్త గొంతులే. లెక్చరర్ నోట్సు చదివేవాడు, గొంతులు "ప్రెజెంట్ సార్" అనేవి. రిజిస్టర్లో ఒంటికి వేరే గడి లేదు. పరీక్షలకి నిశాంత్ కుడిచెయ్యి వెళ్లి, గైడులో ఉన్నది రాసొచ్చేది. ఫస్ట్ క్లాసే వచ్చింది.

మూడో ఏడు సెమినార్ కోర్సులో పదకొండు మందే. హైమవతి మేడమ్ నోట్సివ్వరు. ఈ పాఠంలో నీకేం తప్పనిపించిందని నిశాంత్ గొంతుని అడిగారు. "ప్రెజెంట్ మేడమ్" అంది గొంతు. వారమంతా అదే. సొంత అభిప్రాయం చెప్పకపోతే పాస్ చెయ్యనని ఇంటికి ఉత్తరం రాశారు.

వాళ్ల నాన్న ముత్యాలరావు గారు ఉత్తరం రెండుసార్లు చదివారు.

"మనింట్లో ఎవడికున్నాయిరా అభిప్రాయాలు, నీకుండటానికి?"

నిశాంత్ పట్టు వదల్లేదు. నెల్రోజులు సాయంత్రాలు తలుపేసుకుని గొంతుకి కొత్తమాట నేర్పాడు. ఓ సోమవారం క్లాసులో అది చెప్పేసింది.

"నాకలా అనిపించట్లేదు మేడమ్."

మేడమ్ పుస్తకం మూసి, ఎందుకని అడిగారు. కారణం నిశాంత్ బుర్రలో, గాజువాకలో ఉండిపోయింది. శుక్రవారానికి తెమ్మన్నారు. తనే ఒళ్లంతా వేసుకుని వెళ్లాలని నిశాంత్ బస్ పాస్ తీసుకున్నాడు.

గురువారం క్యాంపస్‌కి ఓ కంపెనీ వచ్చింది. ఆదివారాలు పనిచేస్తావా అని అడిగితే గొంతు "ప్రెజెంట్ సార్" అంది. వెంటనే ఉద్యోగమిచ్చి, గొంతుని అప్పుడే తీసుకెళ్లిపోయారు. ఉద్యోగమొచ్చాక అభిప్రాయమెందుకని ప్రిన్సిపాల్ గారు సెమినార్ మాఫీ చేశారు. కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే, గొంతు ఆ కొత్తమాట మర్చిపోవాలి. ముత్యాలరావు గారు సంతకం పెట్టారు. నిశాంత్ కాదనలేదు. కాదనాల్సిన గొంతు ఆఫీసులో ఉంది.

నేను వాళ్ల పైవాటాలో ఉంటాను. మా అమ్మాయి లాస్య అదే కాలేజీలో మొదటి ఏడు చేరింది. గొంతు చాలండీ, ఎందుకా అవస్థ అంటారు ముత్యాలరావు గారు. పిల్లేమో బస్సుకి వేలాడుతూనైనా మొత్తం తనే వెళ్తానంటోంది. పక్కనే నిశాంత్ తనకొచ్చిన స్వీట్ల డబ్బా పట్టుకుని, నావైపు చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు. గొంతుని పంపొద్దంటున్నాడో, స్వీట్లు వద్దంటున్నాడో తెలీట్లేదు. ఏం చెయ్యమంటారో మీరైనా చెప్పండి బాబూ, దణ్ణం పెడతాను. కాస్త తొందరగా చెప్పండి, మా పిల్ల గొంతు ఇంకా ఇంట్లోనే ఉంది.