బందెలదొడ్డిలో పురుడు

ఆ పొద్దు ప్రెసిడెంటు రాజారత్నం చేయదలచుకున్న పని ఒక్కటే. సమితి ఆఫీసు నుంచి అధికారి వచ్చేలోగా కొత్త బందెలదొడ్డిలో ఒక్క గొడ్డునైనా నిలబెట్టాలి. పరాయి చేలల్లో పడి మేసే గొడ్లను పట్టి కట్టేయడానికి పంచాయతీకి ఒక దొడ్డి ఉండాలని చట్టం. కార్వేటినగరానికి అవతలున్న ఆ ఊరిదాకా చట్టం ఏనాడూ నడిచి రాలేదు. పోయినసారి వచ్చిన అధికారి ప్రేమానందం, "దొడ్డి కట్టడం మీ బాధ్యత. కట్టకపోతే పైకి రాస్తాను" అని చెప్పి పోయాడు. రాజారత్నం చట్టాన్ని తిట్టుకుంటూనే రాతిగోడ లేపించి, తడిక బిగించి, నీళ్ళతొట్టి పెట్టించాడు.

అంతా అయ్యాక చూస్తే దొడ్డిలోకి గొడ్డు లేదు. దండోరా విని ఊరంతా తమ గొడ్లను గట్టిగా కట్టేసుకుంది.

"నిన్నటిదాకా నా చెనిక్కాయ చేలో మందలు మందలుగా ఉండె గదప్పా. ఈ పొద్దు ఒక్కటన్నా లేదే!" అని తలారి మునిరామయ్య మీద విసుక్కున్నాడు రాజారత్నం.

"మీరే గదయ్యా దండోరా గట్టిగా కొట్టమనింది."

"కొట్టమంటే గొడ్లకు గూడా అర్థమయ్యేటట్ల కొడతావా? పో, యాడన్నా ఒకటి దొరుకుతాదేమో సూడు."

మునిరామయ్య చెప్పిన మాట జవదాటని మనిషి. కాసేపటికే ఒక ఎనుమును తోలుకొచ్చాడు. తెగిన పలుపు ఈడ్చుకుంటూ వంకవైపు ఒంటరిగా పోతోందట. ఆ సంబరంలో రాజారత్నం దానికి నాలుగు కాళ్ళున్నాయా లేదా అన్నది తప్ప ఇంకేమీ చూడలేదు. తడిక వేయించేశాడు.

జీపు దిగిన ప్రేమానందం దొడ్డిని చూసి మెచ్చుకోలుగా తల ఊపుతుండగానే వరదమ్మ వచ్చి పడింది. మొగుడు పోయినప్పటి నుంచి ఆ ఒక్క ఎనుము పాలు పోసుకుని బతుకుతున్న మనిషి.

"ఓరి రాజారత్నం! నీ చేతులు పడిపోనూ! నిండు సూలుతో ఉండే గొడ్డును పట్టుకోనొచ్చి జైల్లో ఏస్తావా? నీకు ఓటేసినందుకు ఇదేనా నాయనా?"

రాజారత్నం అప్పుడు చూశాడు ఎనుము కడుపును. "సూలుదని సూసుకోలేదక్కా. తోలకపో, తోలకపో" అంటూ తానే తడిక తీయబోయాడు.

"ఆగండి" అన్నాడు ప్రేమానందం. "బందెలో పడ్డ పశువును అట్లా వదలకూడదు. ఇది ఈమెదేనని ఊళ్ళో ఇద్దరు సాక్ష్యం చెప్పాలి."

"నేను చెప్తా ఉండా గద సార్."

"పట్టించింది మీరే, పట్టింది తలారి. మీ ఇద్దరి సాక్ష్యం చెల్లదు."

కలుపుతీతలకు పోయి ఊళ్ళో జనం లేరు. దొరికినవాడు వరదమ్మ పొరుగింటి ధనంజయ. వాళ్ళిద్దరికీ కంచె తగాదా. అతను ఎనుము చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, గడ్డం గోక్కున్నాడు.

"ఎనుములన్నీ నల్లగానే ఉంటాయి సార్. రేపు ఇంకొకడొచ్చి నాదంటే నేను కోర్టు సుట్టూ తిరగాల్నా?"

"నీ బీరపాదు మేసిన పొద్దు బాగానే గుర్తుపట్టినావే! ఈ పొద్దు కండ్లు పోయినాయా?" అంది వరదమ్మ.

రెండో సాక్షిగా రాజారత్నం భార్య మునిరత్నమ్మను పిలిచారు గానీ, మొదటి సాక్షి లేకుండా రెండో సాక్షి ఎట్లా వస్తుందని ప్రేమానందం ఒప్పుకోలేదు. సాక్ష్యం తేలేదాకా మేతా నీళ్ళూ పంచాయతీవేనన్నాడు. పంచాయతీకి గడ్డివాము లేదు కాబట్టి మేత రాజారత్నం ఇంటినుంచే వచ్చింది. ఎద్దుల కోసం నానేసిన చెనిక్కాయ చెక్కను మునిరత్నమ్మ గంపతో తెచ్చి ముందు పెట్టింది.

ఎనుము దాన్ని ముట్టలేదు. రెండుసార్లు గిర్రున తిరిగి, మూలుగుతూ పడిపోయింది.

వరదమ్మ తిట్లు ఆగిపోయాయి. తడిక తోసుకుని లోపలికి పోయి చూసి, దాని పక్కనే కూలబడింది. "దూడ కాలు ఒకటే కనబడతా ఉండాది. రెండోది లోపల మడతబడింది. పోయినేడూ ఇట్లనే అయింది. ఒక్కదాన్నే పెనుగులాడి దూడను పోగొట్టుకున్నా. ఇప్పుడు తల్లి గూడా పోతే నేనేం తిని బతకాల?"

రాజారత్నం అధికారి వైపు తిరిగాడు. "సార్, దీనికేమన్నా ఉండాదా మీ సట్టంలో?"

ప్రేమానందం దొడ్డిలోకి తొంగిచూశాడు. "దొడ్డిలో ఉన్న పశువు ప్రాణానికి పంచాయతీదే పూచీ. వైద్యం చేయించాలి."

"పశువుల డాక్టరు ఉండేది కార్వేటినగరంలో. బండి కట్టుకోని పోయొచ్చేలోపల..."

అందరి చూపులూ జీపు మీద పడ్డాయి.

"అది ప్రభుత్వం పనికి మాత్రమే" అని మొదలుపెట్టిన ప్రేమానందానికి తన మాటే తనకు అడ్డం వచ్చింది. "ఇదీ ప్రభుత్వం పనే. ఎక్కండి!"

డాక్టరు వచ్చాడు. మోచేతిదాకా ఆముదం రాసుకుని, మడతబడిన కాలును మెల్లగా సరిచేశాడు. "లాగండి" అనగానే తాడు అందుకున్న మొదటి చెయ్యి ధనంజయది. దబ్బున పెయ్యదూడ పడింది. తల్లి లేచి దాన్ని నాకడం మొదలుపెట్టింది.

వరదమ్మ రాజారత్నం రెండు చేతులూ పట్టుకుంది. "ఇంటికాడ ఉండుంటే నేను పిలిస్తే జీపు వొస్తాదా నాయనా? నోటికొచ్చినట్ల తిట్టినాను. నీ చేతులు సల్లగుండ."

పొద్దున తాను తిట్టిన చట్టానికి రాజారత్నం మనసులోనే దండం పెట్టుకుని, పైపంచతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎన్నో దొడ్లు తనిఖీ చేశాను. ఒకటి పోయి రెండుగా బయటికొచ్చే దొడ్డి ఇదొక్కటే" అన్నాడు ప్రేమానందం.

"సార్, సాక్ష్యం రాసుకోండి. ఇది వరదక్క ఎనుమే" అన్నాడు ధనంజయ, చొక్కాకంటిన మాయ తుడుచుకుంటూ.

"అయితే తోలుకుపోవచ్చు."

వరదమ్మ కదల్లేదు. ఎనుము ఇప్పుడు గంపలో మూతి పెట్టి చెక్క తింటోంది. "అంత తొందరేముండాది సారూ? పచ్చి బాలింతరాలు. నాలుగు దినాలు ఈడనే ఉండనీండి. మేత ఎట్లాగూ పంచాయతీదే గదా!"

ఉండనిచ్చారు. జున్ను వండి మొదటి గిన్నె రాజారత్నం ఇంటికీ, రెండోది ధనంజయ ఇంటికీ పంపింది వరదమ్మ.

ఆ తరువాత ఆ ఊళ్ళో నెలలు నిండిన ఎనుము ఏదీ పలుపు తెంచుకోకుండా ఉండలేదు.