కార్డు కాలిన వారం

“రేపు ఉదయం పది గంటలకు మన ఊరికి తుంగభద్ర నీళ్లు వస్తాయి. ప్రజలందరూ బిందెలు లేకుండా పంచాయతీ ఆఫీసుకు రావలెను.”

ఆటోకు కట్టిన మైకు ఊరంతా తిరిగి ఈ మాట చెప్పింది. చెప్పించినది జలసంకల్ప కమిటీ చైర్మన్ జయరాం గారు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఇంతటి దూరదృష్టి ఉన్న నాయకుడు ఇంకొకడు లేడు. నీళ్లు ఎంత దూరంలో ఉన్నా ఆయనకు కనిపిస్తాయి.

మా ఊళ్లో ఇంటింటికీ కుళాయి ఉంది. బిగించిన నాడు నా భార్య దాని కింద బిందె పెట్టింది. ఆమె పోయింది. బిందె అక్కడే ఉంది.

మరునాడు పదింటికి పంచాయతీ ఆఫీసులో చైర్మన్ గారు కొత్త కంప్యూటర్ ఆన్ చేశారు. గోడంత తెర మీద మా ఊరు వెలిసింది. పైపు వచ్చింది, ట్యాంకు నిండింది, కుళాయిలన్నీ ఒక్కసారిగా పారాయి. జనం చప్పట్లు కొట్టారు. అంతలో కాలిన వాసన. తెర నల్లబడింది.

సాంకేతిక లోపం వల్ల మా ఊరికి నీటి సరఫరా ఆగిపోయిందని చైర్మన్ గారు వెంటనే రిపోర్టు పంపారు. పై ఆఫీసు రూలు చూసింది. సరఫరా ఆగిన ఊరికి ట్యాంకరు పంపాలి. నీళ్లే రాని ఊరికి ఆ రూలు వర్తించదు. ఆగాలంటే ముందు రావాలి కదా. ఇప్పుడు కాగితం మీద వచ్చి ఆగాయి. తెల్లారేసరికి ట్యాంకరు వచ్చింది. నా బిందె నిండింది.

ఆదోని నుంచి కంప్యూటర్లు బాగుచేసే బజారి అనే అతన్ని పిలిపించారు. అతను డబ్బా విప్పి గ్రాఫిక్స్ కార్డు బయటికి తీశాడు. తెర మీద బొమ్మలు నడిపేది అదే. దాని మీద జొన్నగింజంత ముక్క ఒకటి మాడి బొగ్గయింది.

“కెపాసిటర్ పోయింది సార్.”

“కెపాసిటీ గురించి నాకు సెప్పొద్దు. కమిటీలో అందరికన్నా నాకే ఎక్కువ.”

“ఊరంతా ఒకేసారి నీళ్లిడిస్తే సిన్న కార్డు యాడ తట్టుకుంటాది సార్?”

చైర్మన్ గారు ఆలోచించి, ఇకపై తెర మీద వీధికొక రోజు చొప్పున నీళ్లు విడవాలని తీర్మానించారు. తెర మీద కూడా తమకు చివరి వంతేనా అని పడమటి వీధి బసప్ప గొడవకు దిగాడు. రెండో వంతు ఇచ్చాక చల్లబడ్డాడు.

శుక్రవారం మంత్రి గారు వస్తారు. అప్పటికి తెర వెలగకపోతే చైర్మన్ గారి పదవి పోతుంది. వెలిగితే మా ట్యాంకరు పోతుంది. ఈ లెక్క మా ఊళ్లో అందరికన్నా ముందు పక్కింటి ఉచ్చీరమ్మకు తెలిసింది. ఆమె బజారికి జొన్నరొట్టెలు, పుండికూర పప్పు పట్టుకొచ్చింది.

“తొందరేం లేదప్పా. నిదానంగా సెయ్. తిను, పండుకో.”

తర్వాత ఇంటికొకరు క్యారియర్ తెచ్చారు. బజారి తిన్నాడు, పండుకున్నాడు. రిపేరు వాడికి కూడా అన్నం పెట్టేంత అభివృద్ధి కాంక్ష తమ ప్రజలదని చైర్మన్ గారు పేపరుకు చెప్పారు. కంటతడి పెట్టారని కూడా వచ్చింది.

గురువారం ఆయనే కుర్చీ వేసుకుని బజారి పక్కన కూర్చున్నారు. తప్పించుకునే దారి లేక అతను ఒక చచ్చిన కార్డు నుంచి అలాంటి ముక్కే పీకి, మాడిన దాని చోట అతికించాడు.

శుక్రవారం మంత్రి గారు బటన్ నొక్కారు. నీళ్లు పారాయి. ఆ రోజుకు వంతులు కూడా ఎత్తేశారు. సరఫరా పునరుద్ధరించినట్టు రిపోర్టు పోయింది. శనివారం ట్యాంకరు రాలేదు. ఆదివారమూ రాలేదు.

సోమవారం ఉచ్చీరమ్మ రొట్టెల మూట కట్టుకుని ఆదోని బస్సెక్కింది. పనిలేక నేనూ పోయాను. ఆమె బజారి అంగట్లో స్టూలు లాక్కుని కూర్చుంది. మూట విప్పి అతని ముందుకు జరిపింది.

“ఆ జొన్నగింజ లోపల యాడుంటాదో నాకొకసారి సూపించప్పా.”