ఎవరి అమ్మో ఏడ్చింది

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మిర్చి బజ్జీల దుకాణం పైన చిన్న గదిలో కెరీర్ కౌన్సెలింగ్ చేసే ప్రసన్న ఆ పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే. కమలాకర్ అనే మనిషి వస్తాడు. "ఇక చాలు, చదువు మానెయ్" అని అతని మనసు నొప్పించకుండా చెప్పాలి.

కమలాకర్ పదేళ్లుగా హాస్టల్ గదుల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఉద్యోగం రాలేదు, వయసు మాత్రం మీద పడింది. వాళ్ళమ్మ మణెమ్మ బాటసింగారం నుంచి వచ్చి, కొంగు తడిసేలా ఏడ్చి వెళ్ళింది. "ఆనికి నా నోటితోటి చెప్పలేను బిడ్డా. ఇడిసిపెట్టి ఇంటికి రమ్మని నువ్వే చెప్పు" అని.

ఉద్యోగ జీవితంలో ముందు వెతుకులాట దశ, తర్వాత నిలదొక్కుకునే దశ ఉంటాయని ప్రసన్న చదువుకుంది. కమలాకర్ వెతుకులాటలోనే ఇరుక్కుపోయాడని తేల్చుకుని, ఫోన్ చేసి రమ్మంది. కాకపోతే అతని మొహం ఎప్పుడూ చూడలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

రోడ్డు మీద అరుపులు, పరుగులు వినిపించాయి. నడివయసుకు దగ్గరపడ్డ మనిషొకడు చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు.

"జర కూసోవచ్చా మేడం?"

"మీ కోసమే చూస్తున్న. కూసోండ్రి. ఎన్నేండ్లయింది దీంట్ల పడి?"

అతను తెల్లబోయాడు. "పదేండ్లయితుంది."

"ఖుషీగ ఉన్నరా?"

"ఖుషీ ఏడిది మేడం? పొద్దుగాల లేస్తెనే గుండె దడ."

మనిషి స్వభావానికీ చేసే పనికీ పొత్తు కుదరకపోతే ఇంతేనని ప్రసన్న తలూపింది. మెత్తగా అంది: "మొన్న మీ అమ్మ ఒచ్చింది. ఈడనే కూసోని ఏడ్సింది. ఇడిసిపెట్టి ఇంటికి రమ్మన్నది."

అతని మొహం పాలిపోయింది. "మా అమ్మనా? గీ కుర్చీలనేనా?"

"అవును."

అతను లేచి ఆ కుర్చీ చేతిని మెల్లగా నిమిరాడు. కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి. దండం పెట్టి దిగిపోయాడు. ఒక్క మాటకే ఇంత మార్పా అని ప్రసన్న తనను తానే మెచ్చుకుంటుండగా ఇంకొకతను వచ్చాడు.

"లేటయింది మేడం. నేను కమలాకర్."

ప్రసన్న గబగబా కిందికి దిగి, ముందు దిగిపోయినతను ఎవరని బజ్జీల కొట్టు పట్టాభిని అడిగింది. ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ పట్టాభికి ఆ వీధిలో తెలియని మొహం లేదు.

"ఆయనా? మఫ్టీలో ఉన్న కానిస్టేబులండీ, మధు. కుర్రాళ్ళు గుర్తుపట్టి తరిమితే మీ మేడెక్కాడు. పాపం, ఆమధ్యే వాళ్ళమ్మ పోయిందండీ. బందోబస్తులో ఉండి చివరిచూపుకి కూడా అందలేదు. ఇందాక ఏడ్చుకుంటూ ఎల్బీనగర్ వైపు వెళ్ళాడు. ఎస్సైగారి మొహాన రాజీనామా కొడతాడంట!"

ప్రసన్న రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆటోలు లేవు. కొంగు బిగించి నడక మొదలుపెట్టింది. ఏం జరిగిందో తెలియకపోయినా కమలాకర్ వెంట నడిచాడు. కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు ఒక హమాలీ కేకేశాడు: "ఏంది కమలాకర్, ఇయ్యాల పనికి రాలె?"

ప్రసన్న ఆగి చూసింది. కమలాకర్ తల దించుకున్నాడు.

"చదువు ఇడిసి రెండేండ్లయింది మేడం. కొడుకు ఆఫీసరైతడని అమ్మ ఆశ. ఎట్ల చెప్పాలె?"

వాళ్ళమ్మ వచ్చి ఏడ్చిందనీ, ఆ మాట పొరపాటున మధుకు చెప్పాననీ ప్రసన్న అతనికి చెప్పింది. మానెయ్యమనలేని తల్లి, మానేశానని చెప్పలేని కొడుకు. మధ్యలో ఉద్యోగం పోగొట్టుకుంటున్నది ఈ ఇద్దరికీ ఏమీ కాని మనిషి.

ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు నిరసన జరుగుతోంది. మధు అప్పటికే ఐడీ కార్డు ఎస్సై చేతిలో పెట్టేశాడు. తెలంగాణ కోసమే రాజీనామా చేశాడనుకుని జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు. మెడలో బంతిపూల దండ, మొహంలో బిక్కచూపు. ప్రసన్న జనాన్ని తోసుకుంటూ ముందుకు పోతే, ఎవరో ఆమె చేతిలో మైకు పెట్టారు.

"మధు గారూ! ఏడ్సిన తల్లి మీ తల్లి కాదు!"

"తెలంగాణ తల్లి!" అని జనం అందుకున్నారు.

"అయ్యో, నా మాట ఇనుండ్రి! ఉద్యోగం ఇడువొద్దు!"

"మా ఉద్యోగాలు మాకే!" అని చౌరస్తా దద్దరిల్లింది.

ఎట్టకేలకు మధు కిందికి దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె క్షమాపణ చెప్పబోతే ఆపాడు.

"ఎర్కనే మేడం. మెట్లు దిగుతుంటెనే సమజైంది. సచ్చిపోయినామె ఎట్లొస్తది?"

"మరెందుకు ఇడిసిపెట్టిన్రు?"

"అమ్మ పోయినంక నన్ను ఇంటికి రమ్మన్నోళ్ళు లేరు. ఎవరమ్మైతె ఏంది, రమ్మన్నది గద అనిపించింది."

ప్రసన్న మైకు కింద పెట్టేసింది. కమలాకర్ మధు చెయ్యి పట్టుకున్నాడు.

"రమ్మన్నది మా అమ్మనే అన్నా. బువ్వ తిందువు, రా. నాక్కూడా ఆమెకు ఒక మాట చెప్పేదుంది. నువ్వు పక్కన ఉంటె జర ధైర్యం."

ఇద్దరూ మార్కెట్ నుంచి తిరిగిపోతున్న ఖాళీ లారీ ఎక్కారు. కొడుకు చెప్పిందంతా విని మణెమ్మ పొయ్యి వెలిగించిందట. ఆ తర్వాత ఇద్దరికీ అన్నం పెట్టి, మళ్ళీ ఏడ్చిందట.

ఎస్సై ఆ ఐడీ కార్డును పైకి పంపనేలేదు. తన జేబులోనే ఉంచుకుని, కొన్నాళ్ళకు మధును పిలిచి తిరిగిచ్చాడు. మధు మారుమాట లేకుండా తీసుకుని మళ్ళీ డ్యూటీ ఎక్కాడు. కమలాకర్ దాపరికం లేకుండా మార్కెట్‌కు పోతున్నాడు.

ప్రసన్నకు మాత్రం పని పెరిగింది. మరుసటి వారం బందోబస్తులో ఉన్న మరో ఇద్దరు కానిస్టేబుళ్ళు మెట్లెక్కి వచ్చి, తమ అమ్మలు గానీ వచ్చి వెళ్ళారా అని అడిగారు.