పద్నాలుగో నంబరు గుండె

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం, తన పది నెలల పిల్లాడి గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోతుందేమోనని. తప్పు పిల్లాడిది కాదు, ఉద్యోగానిది. గుండెజబ్బుల మీద పరిశోధన చేసేచోట ఆమె ఎలుకల గూళ్లు కడుగుతుంది. పొద్దస్తమానం జబ్బు గుండెల మధ్య తిరిగే మనిషికి ఇంటికెళ్లినా చెవి పిల్లాడి ఛాతీ మీదే ఉంటుంది.

ఆ పొద్దున అనుకున్నది చిన్న పని. భర్తా అత్తగారూ పిల్లాడిని టీకాకు తీసుకెళ్తూ గేటు దగ్గర ఆగితే, ఆమె టీకా కార్డు అందించాలి. గూళ్లు కడిగేటప్పుడు వాటి కార్డులు తీసి జేబులో వేసుకోవడం ఆమెకు అలవాటు. పిల్లాడి కార్డూ అదే జేబులో ఉంది, అన్నీ పసుపువే. గేటు దగ్గర వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, చేతికందిన పసుపు కార్డు ఇచ్చేసి పరుగున వచ్చింది. ఆఖరికి మిగిలిన కార్డుని మిగిలిన గూటికి తగిలించింది. లెక్క సరిపోయింది.

అరగంటకి భర్త ఫోన్.

"ఏమే, వీడికి గుండెజబ్బని నాతో ఒక్క ముక్కైనా అనలేదేం?"

ఆమె చేతిలో బ్రష్ పక్కన పడేసింది. "ఎవరన్నారండీ?"

"కార్డులో ఉంది! 'మగ. గుండె బలహీనం. ఉప్పు ఎక్కువ వేసిన తిండి. కాళ్ల వాపు గమనించాలి.' శుక్రవారం గుండె తీసి తూకం వెయ్యాలట!"

ఎలుక అని కార్డులో ఎక్కడా లేదు. గూళ్ల గదిలో ఉన్నవన్నీ అవే కాబట్టి ఎవరూ రాయలేదు.

పక్కనుంచి అత్తగారు అందుకుంది. "నాదే పాపం తల్లీ! నీకు తెలీకుండా రోజూ ఉప్పు బిస్కెట్లు పెట్టింది నేనే! కాళ్లు చూడు, దిండ్లలా ఉన్నాయి!"

వాడి కాళ్లు పుట్టినప్పట్నుంచీ దిండ్లేనని ఆమెకు తట్టలేదు. ఎలుకల జబ్బు తన బట్టలకంటుకుని ఇంటికొచ్చిందనే తట్టింది. చేతి తొడుగులైనా తియ్యకుండా పరిశోధకురాలి గదిలోకి దూసుకెళ్లింది.

"మేడమ్, శుక్రవారం మావాడి గుండె తియ్యకండి!"

కడిగేవాళ్లు ఎలుకల మీద మమకారం పెంచుకోవడం పరిశోధకురాలికి కొత్త కాదు. "రోజూ చూస్తావు, బాధే. కానీ వాడికి నొప్పి తెలియనివ్వంలే. వాడివల్ల రేపు ఎంతమంది బతుకుతారో!"

"ఒక్కగానొక్కడండీ!"

"అదేంటి, ఇంకా పదకొండు ఉన్నాయిగా."

ఆమె గోడకు జారబడిపోయింది. పరిశోధకురాలు కంగారుపడి, "శుక్రవారం వంతు పద్నాలుగో నంబరుది. పద, చూద్దాం" అని లేవదీసి గూటి దగ్గరికి నడిపించింది. కార్డు చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది.

"తొమ్మిది కిలోలు, నాలుగు పళ్లు, తల్లిపాలు... ఏం ఎలుకమ్మా ఇది!"

ఆమె కార్డు లాక్కుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసి, ఫోన్ చేసింది. అత్తగారు ఎత్తింది.

"నర్సమ్మ గుండె విని, గుండ్రాయిలా ఉన్నాడని నవ్వి పంపేసిందే. వాడికేం, ఆడుకుంటున్నాడు."

"మరి ఆయనో?"

"మంచమెక్కాడు. ఇలాంటివి తండ్రినుంచే వస్తాయని టీకా వరుసలో నిలబడ్డవాళ్లెవరో అన్నారట. ఇప్పుడు తన కాళ్లు వాచాయంటాడు. చెప్తే వినడే!"

ఆమెకు సాయంత్రం దాకా సెలవు దొరకదు. మీరెవరైనా అటు వెళ్తే ఆయన్ని ఓసారి చూసి రండి. ఇల్లు వెతుక్కోనక్కర్లేదు, మూలుగు వీధి చివరికి వినిపిస్తుంది.